మాట పోయాక బొమ్మలు నేర్చుకున్నాను

పోయిన నెల పెద్దాసుపత్రిలో ఇంజెక్షను కోసం బల్ల మీద కూర్చుని ఉన్నాను. ఒకావిడ వచ్చి పక్కన కూర్చుంది. సముద్రపొడ్డున చేపలు పట్టే కుటుంబం వాళ్లది. పక్షవాతం వచ్చి భర్తకు మాట పడిపోయిందట, పై వార్డులో ఉంచారట. నాకూ ఒకప్పుడు అలాగే అయిందని నర్సు చెబితే నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

“మాట నేదు గానీ బాబూ, లోపలేటైనా తెలుత్తాదా మా ఆయనకి? మనం అన్నది ఇంటాడా?”

తెలుస్తుందమ్మా, అంతా తెలుస్తుంది అన్నాను. ఇంకా చెప్పేలోపు నా వంతు వచ్చింది. లోపలికి వెళ్లి వచ్చేసరికి ఆవిడ లేదు. నా మాట ఇప్పటికీ నిదానంగానే వస్తుంది. ఆ మాటతో బల్ల మీద కూర్చుని కాసేపట్లో చెప్పగలిగిన సంగతి కూడా కాదు. అందుకని ఇంటికి వచ్చి రాయడం మొదలుపెట్టాను. ఎడమచేత్తో రాస్తాను. అక్షరాలు తప్పితే మా అమ్మాయి దిద్దుతుంది. ఆవిడకు చేరకపోయినా, అలాంటి వార్డు బయట కూర్చున్న ఇంకెవరికైనా చేరుతుందేమో.

ఎనభై రెండు, ఎండాకాలం

అప్పుడు నాకు ముప్పై ఆరేళ్లు. సిటీ బస్సులో కండక్టరుని. గాజువాక నుంచి పూర్ణా మార్కెట్టు వరకు, మళ్లీ వెనక్కి. స్టీలు ప్లాంటు పనుల కోసం ఎక్కడెక్కడి జనమో గాజువాకలో దిగుతున్న కాలం అది. బస్సులో కాలు పెట్టే చోటుండేది కాదు. ఎంత గోలలోనైనా నా కేక ముందు తలుపు దాకా వినిపించేది. నా గొంతంటే నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ పూట సింధియా స్టాపు దాటుతుండగా చేతిలోంచి టిక్కెట్ల కట్ట జారిపోయింది. వంగి తీద్దామంటే కుడిచెయ్యి కదలలేదు. చెయ్యి అక్కడే వేలాడుతోంది, కానీ ఎవరిదో అన్నట్టుంది. ఎదుటి సీట్లో పెద్దాయన ఏమైందని అడిగాడు. ఒంట్లో బాగాలేదు, బండి ఆపమనండి అని చెప్పబోయాను. నోటి నుంచి “రైట్” అని వచ్చింది. డ్రైవరు బండి వేగం పెంచాడు. కాదు, ఆపు అని మళ్లీ అరిచాను. “రైట్, రైట్” అనే వచ్చింది. బండి ఇంకా జోరందుకుంది. నేను ఆగమంటున్నాను, నా నోటి మాట విని అతను ముందుకు పోతున్నాడు. అప్పుడు వేసిన భయం తరువాత మళ్లీ ఎప్పుడూ వెయ్యలేదు. కాళ్లు మడతపడ్డాయి. ఒక పోర్టు కూలీ నా నడుం చుట్టూ చెయ్యి వేసి కింద పడకుండా పట్టుకున్నాడని మాత్రం గుర్తు. ఆయన ఎవరో నాకు తెలియదు.

రోగం గురించి ఎక్కువ రాయను. చిన్నప్పుడు నాకు కీళ్లు వాచి జ్వరం వచ్చింది. అమ్మ నూనె కాచి మర్దనా చేసింది, తగ్గింది, అందరం మరచిపోయాం. అది అప్పుడే గుండెను పాడుచేసి వెళ్లిందని, అక్కడ గడ్డకట్టిన నెత్తురు ఇప్పుడు తలకెక్కిందని డాక్టరుగారు మా ఆవిడకు చెప్పారు. పిల్లలకు కీళ్లు వాచి జ్వరం వస్తే మర్దనాతో సరిపెట్టకండి, డాక్టరుకు చూపించండి. నేను చేయగల హెచ్చరిక ఇదొక్కటే.

లోపల ఎలా ఉంటుందో చెబుతాను. ఆలోచన పోదు. దాహం వేస్తే దాహమని తెలుస్తుంది, గ్లాసు కనిపిస్తుంది, అది ఎవరి ఇంటి గ్లాసో కూడా తెలుస్తుంది. దాని పేరు మాత్రం దొరకదు. ఒక గదిలోకి వెళ్లి ఎందుకు వచ్చానా అని నిలబడిపోతాం చూడండి, ప్రతి మాట దగ్గరా అలా నిలబడిపోవడమే. రాసి చూపించు నాన్నా అని మా సుశీల పలక తెచ్చింది. అప్పటికి ఏడో తరగతి. పలక మీద అది రాసిన అక్షరాలు చూశాను. చీమలు నడిచినట్టు కనిపించాయి. మాటతో పాటు చదువు కూడా పోయిందని అప్పుడు తెలిసింది. మిగిలింది ఆ ఒక్క “రైట్”. దాహానికీ అదే, నొప్పికీ అదే, ఔను అనడానికీ కాదు అనడానికీ అదే.

మా ఆవిడ పేరు నూకరత్నం. నాకు మేనమామ కూతురు, బావా అనే పిలుస్తుంది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నా మంచం కింద చాప వేసుకుని పడుకుంది. చూడడానికి వచ్చినవాళ్లు నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచేవారు. నాకు చెవుడు లేదు. ఇంకొందరు నా కాళ్ల దగ్గర నిలబడి, మనిషి దక్కాడు గానీ బుర్ర పోయింది పాపం అని రత్నంతో అనేవారు. నేను వింటూ పైకప్పు కేసి చూసేవాణ్ణి.

వార్డులో ఒక ఆయా ఉండేది, పేరు మరియమ్మ. పొద్దున్నే వచ్చి నా జుట్టు దువ్వుతూ, మీ బస్సులు మా స్టాపులో ఆపరని నాతో తగువు పెట్టుకునేది. ఏదైనా అడిగితే, జవాబు రాదని తెలిసినా నా ముఖం కేసి చూస్తూ కాసేపు ఆగేది. ఆ ఆగడం నాకు ఎంత చేసిందో ఆమెకు తెలియదు. మీ మనిషికి మాట పోతే మీరు చేయాల్సింది అదే. ఒక్క సంగతి అడగండి, అడిగి ఆగండి.

అదే ఏడు, వానలకు ముందు

గాజువాకలో మాది వరస ఇళ్లలో ఒక పోర్షను. ఇంటికి వచ్చాక రత్నం ఒక కాంట్రాక్టు కూలీల మెస్సులో వంటకు కుదిరింది. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం ఒకసారి వచ్చి నన్ను చూసి మళ్లీ వెళ్లేది. కర్ర సాయంతో నేను నాలుగు అడుగులు వేసేవాణ్ణి. మిగతా పొద్దంతా మంచమే.

ఒకరోజు మధ్యాహ్నం పడమటి కిటికీలోంచి ఎండ నేరుగా నా మొహం మీద పడుతోంది. మంచం జరపమని చెప్పాలి. సుశీల పలక అందుకుని ఎడమచేత్తో మంచం బొమ్మ గీశాను. జీవితంలో ఎప్పుడూ బొమ్మ గీసినవాణ్ణి కాదు. నా మటుకు నాకు అది మంచమే. రత్నం చూసి, పెట్టె కావాలా బావా అంది. “రైట్” అన్నాను. మూల ఉన్న ట్రంకుపెట్టె ఈడ్చుకొచ్చి మూత తీసింది. ఒక్కొక్క బట్టే తీసి చూపించింది. చివరికి దుప్పటి తీసి, చలేస్తోందేమోనని ఆ ఎండలో నా మీద కప్పింది. నేను పలక విసిరికొట్టాను. అది గుమ్మానికి తగిలి విరిగింది.

ఆ చప్పుడుకి పక్క పోర్షను నుంచి దేవసహాయం మాస్టారు వచ్చారు. మిషను స్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరై కొడుకు దగ్గర ఉండేవారు. ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు తప్ప ఇల్లు కదిలేవారు కాదు, కంట్లో పొర వచ్చి చూపు మందగించింది. ఆయన పలక ముక్కలు రెండూ ఏరి, కలిపి పట్టుకుని, ముక్కుకి ఆనించుకుని చూశారు. నన్నేమీ అడగలేదు. నేను ఎడమచేత్తో మంచం పట్టె మీద కొట్టాను.

“ఓహో, మంచం. మరి నాలుగు కాళ్లూ ఒకే గీత మీద నిలబెట్టీసేవేటయ్యా? అలాగైతే ఇది మేక.”

రత్నం నవ్వింది. ఆసుపత్రికి వెళ్లాక ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు. నాకు కూడా నవ్వొచ్చింది, మూతి ఒక పక్కకే కదిలింది. ఇద్దరూ కలిసి మంచాన్ని గోడవైపు జరిపారు. రేపు పొద్దున వస్తాను, బొగ్గు ముక్క, పాత పేపర్లు ఉంచమని చెప్పి మాస్టారు వెళ్లిపోయారు.

బొమ్మలు నేర్పిస్తారనుకున్నాను. ఆయన గీతలు గీయించారు. పేపరు నిండా ఆ చివర ఒక చుక్క, ఈ చివర ఒక చుక్క పెట్టి కలపమన్నారు. ఎడమచెయ్యి కావడంతో నా గీత వానపాములా పాకింది. వేళ్లతో కాదు, భుజంతో గియ్యమన్నారు. మోచెయ్యి పైకెత్తి భుజం కదిపితే గీత కొంచెం చక్కబడింది. అయినా మధ్యలో ఎక్కడో దారి తప్పేది. అప్పుడు ఆయన నా గడ్డం పట్టుకుని తల పైకెత్తారు. చేతిలో బొగ్గు కేసి చూడకు, చేరాల్సిన చుక్క కేసి చూడు అన్నారు. డ్రైవరు స్టీరింగు కేసి చూడడు, రోడ్డు కేసి చూస్తాడు కదా. అది నాకు వెంటనే అర్థమైంది. ఆ మధ్యాహ్నం పేపర్ల మీద పేపర్లు గీశాను. నా చొక్కా, దుప్పటి, గోడ, అన్నీ బొగ్గే.

తరువాత గ్లాసు. మూతికి గుండ్రని సున్నా చుట్టి, కింద రెండు గీతలు దింపి, అడుగున మళ్లీ సున్నా చుట్టాను. మాస్టారు స్టీలు గ్లాసు నా కళ్ల ఎదురుగా పట్టుకున్నారు.

“గ్లాసు మూతి గుండ్రమని నీకు తెలుసు. తెలిసింది ఒగ్గీ. కనబడింది సెప్పు. ఇప్పుడేటి కనబడతంది?”

చూశాను. గుండ్రం లేదు. అడ్డంగా ఒక గీత మాత్రమే ఉంది. ఆయన గ్లాసును మెల్లగా కిందికి దించారు. గీత తెరుచుకుంది, సన్నటి ఆకులా అయింది, ఇంకా దించితే కోడిగుడ్డులా, నా మోకాళ్ల దగ్గరికి వచ్చేసరికి దాదాపు గుండ్రంగా. ముప్పై ఆరేళ్లు గ్లాసులతో నీళ్లు తాగి ఆ సంగతి నేను చూడలేదు. మళ్లీ ఎత్తమని సైగ చేశాను. ఆయన ఎత్తారు, దించారు. అలా ఎన్నిసార్లు చూశానో. నేను జబ్బుమనిషినన్న సంగతి ఆ కాసేపూ గుర్తు రాలేదు. రోగం వచ్చిన తరువాత నాకు దొరికిన మొదటి విశ్రాంతి అది.

అక్కడి నుంచి రోజూ ఏదో ఒకటి. అగ్గిపెట్టెను మూల మీద నిలబెట్టి మూడు ముఖాలు చూడడం. పెన్సిలును చెయ్యి చాచి పట్టుకుని ఒక కన్ను మూసి, తలుపు ఎత్తుకి కిటికీ ఎత్తు ఎంతో కొలవడం. కుర్చీని గియ్యలేక అవస్థ పడుతుంటే, కుర్చీని వదిలేసి కాళ్ల మధ్య ఉన్న ఖాళీలను గియ్యమన్నారు. ఖాళీలన్నీ గీసేసరికి కుర్చీ దానంతట అదే నిలబడింది. ఒకసారి చెప్పి, నేను గీస్తున్నంతసేపూ ఆయన ఏదో ప్రార్థన పాట లోలోపల పాడుకుంటూ కూర్చునేవారు. బాగుందని ఒక్కసారి కూడా అనలేదు. తప్పున్న చోట గోరుతో గీరి చూపించేవారు.

కానీ బొమ్మ నేర్చుకోవడం వేరు, ఇంట్లో మనుషులతో బతకడం వేరు. వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం రత్నం తడిసి ముద్దై వచ్చింది. ఆ వేళ గీసిన గ్లాసు చూపించాలని నేను కాచుకుని ఉన్నాను. మాత్ర వేసుకున్నావా అని అడిగింది. “రైట్” అన్నాను. అన్నం తిన్నావా అంది. “రైట్” అన్నాను. మూత తీసి చూస్తే కంచంలో అన్నం అలాగే ఉంది.

“రైట్, రైట్. ఏటి బావా రైటు? నా బతుకేటి రైటుగున్నాది?”

తడిబట్టలతోనే కింద కూలబడి ఏడ్చింది. సుశీల పుస్తకం మూసి, తల్లి పక్కన కూర్చోవాలో నా పక్కన కూర్చోవాలో తెలియక గుమ్మంలో నిలబడింది. నేను కాగితం దగ్గరికి లాక్కున్నాను. ఏం గియ్యాలో తెలియలేదు. గ్లాసూ అగ్గిపెట్టే తప్ప నాకు ఏమీ రావు. కాసేపటికి రత్నమే లేచి, కొంగు పిండుకుని, అన్నం కలిపి నా నోట్లో పెట్టింది. అన్న మాట వెనక్కి తీసుకుంటున్నట్టు ముద్ద చిన్నది చేసి పెట్టింది.

రోగిని చూసుకునేవాళ్లు ఒక్కోసారి అలా అంటారు. అనాలి కూడా. నేను తప్పు పట్టలేదని అప్పుడు చెప్పలేకపోయాను గనుక ఇప్పుడు రాస్తున్నాను.

అదే ఏడు, దసరా ముందు

సబ్బవరం నుంచి మా అన్నయ్య అప్పలనాయుడు బియ్యం, ములక్కాడలు మోసుకుని వచ్చాడు. మంచి మనిషి. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. రత్నం ఎండిపోయి ఉండడం చూశాడు, ఇల్లంతా పరికించాడు. పోర్షను ఖాళీ చేసి అందరూ ఊరు వచ్చేయమన్నాడు. రత్నానికి పొలం పనుంటుంది, వదిన తోడుంటుంది. నన్ను చావడిలో మంచం వేసి చూసుకుంటారు. సుశీల చదువు మాటేమిటని రత్నం అడిగితే, ఆడపిల్లకి ఏడో తరగతి చాలదా అన్నాడు. రత్నం గోడకు చేరగిలబడింది. అలసిపోయి ఉంది. ఆ అలసట చూస్తే, ఎవరో ఒకరు తీసుకుపోతే చాలన్నట్టుంది.

అన్నయ్య నా పక్కన కూర్చుని, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని అడిగాడు.

“ఏటి తమ్ముడూ, మనూరెలిపోదామా?”

వద్దన్నయ్యా అన్నాను. వచ్చింది “రైట్”. తల అడ్డంగా ఊపాను. కానీ ఆ రోజుల్లో నా తల కూడా నా మాట సరిగ్గా వినేది కాదు, నిలువుకీ అడ్డానికీ మధ్య ఎటో ఊగేది. జనం నోటినే నమ్ముతారు. ఒప్పుకున్నాడు అన్నాడు అన్నయ్య. మరుసటి ఆదివారం బండి తెస్తానని చెప్పి వెళ్లిపోయాడు. సుశీల ఆ సాయంత్రం పుస్తకాలకు వేసిన అట్టలన్నీ విప్పి మళ్లీ వేసింది.

మాస్టారు వచ్చేసరికి నేను సుశీల కొత్త పలక మీద అన్నయ్య ఇల్లు గీసి దాని మీద అడ్డంగా, నిలువుగా కొట్టేసి ఉన్నాను. ఆయన చూశారు. సంగతి రత్నం చెప్పింది. నేను వెళ్లి మీ అన్నగారితో చెబుతానని మాస్టారు అంటారనుకున్నాను. ఆయన అనలేదు. పక్కింటివాడు చెప్పినంత మాత్రాన ఏ అన్నైనా తమ్ముణ్ణి ఇక్కడ ఉంచేస్తాడా అన్నారు. పలక తుడిచేశారు.

“దీన్ని సూసి మీ అన్నేటనుకుంటాడు? నా ఇల్లు కొట్టేసేడనుకుంటాడు. వద్దన్నదానికి బొమ్మ నేదు రమణా. కావాల్సింది గియ్యి.”

కావాల్సింది నాకు తెలుసు. ఈ గుమ్మం, ఈ మనుషులు. ఆదివారం లోగా మనుషుల్ని గియ్యడం నేర్చుకోవాలి. అప్పటికి మనిషిని గియ్యలేదు నేను. మాస్టారు సుశీలను గుమ్మంలో నిలబెట్టి, మనిషి కూడా గ్లాసులూ పెట్టెలే, తల ఒక గుడ్డు, నడుం ఒక డబ్బా అన్నారు. పెన్సిలు చాచి కొలిచాను. తల ఎంత, తల కింద ఒళ్లెంత. మొదట గీసిన సుశీల బొమ్మ తల బరువుకి ముందుకు పడేలా ఉంది. అది చూసి సుశీలే నవ్వింది. రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చిరిగింది. ఇంకొక కాగితం. రోజూ స్కూలు నుంచి వచ్చి భుజం మీది సంచీ దించకుండా నిలబడేది. రత్నాన్ని నిలబడమనడానికి తీరికెక్కడిది? పొయ్యి దగ్గర వంగినప్పుడు వెనక నుంచి చూసి గీశాను. ముఖం రాకపోయినా నడుముకి కొంగు దోపుకునే తీరు వచ్చింది. నన్ను నేను అద్దంలో చూసి గీసుకున్నప్పుడు మూతి వంకర దగ్గర చెయ్యి ఆగింది. కనబడింది గియ్యి అన్నారు మాస్టారు. గీశాను.

ఆదివారం అన్నయ్య బండి వీధి చివర నిలిపి వచ్చాడు. రత్నం గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. నేను కాగితం ఇచ్చాను. చిన్నపిల్లాడి ముచ్చట తీర్చినట్టు ముందు అలా చూసి పక్కన పెట్టబోయాడు. మళ్లీ చూశాడు. గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో చూశాడు.

అందులో ఈ గుమ్మమే ఉంది, పైన పగిలిన వెంటిలేటరుతో సహా. మెట్టు మీద సుశీల పుస్తకాల సంచితో, ఒక జడ కంటే ఇంకొక జడ పొట్టిగా. లోపల పొయ్యి దగ్గర రత్నం. మంచం మీద నేను, కాళ్లు నాలుగూ సరైన చోట ఉన్న మంచం మీద.

“ఇది సుశీ గదా,” అన్నాడు. “ఇది మరదలు. ఇది నువ్వు.” బొమ్మలో గుమ్మం మీద వేలు పెట్టాడు. “ఇక్కడే ఉంటానంటన్నావేటి?”

“రైట్,” అన్నాను.

ఆయనకు అనుమానం తీరలేదు. అప్పుడూ అదే అన్నావు, ఇప్పుడూ అదే అంటున్నావు అన్నట్టు చూశాడు. దగ్గరికి వచ్చి నా కళ్లలోకి చూస్తూ మెల్లగా అడిగాడు.

“మరి నాతోటి వత్తావా?”

మాట గొంతు దాకా వచ్చేసింది. ఎడమచెయ్యి ఎత్తి నా నోరు నేనే గట్టిగా మూసుకున్నాను. లోపల అది కొట్టుకుంటోంది, పెదాలు విడవలేదు. కళ్లలోంచి నీళ్లు కారాయి గానీ మాట బయటికి రానివ్వలేదు.

అన్నయ్యకు అర్థమైంది. ఎదుట ఉన్నది బుర్ర పోయిన మనిషి కాదని, ఇన్నాళ్లూ లోపల తన తమ్ముడే కూర్చుని ఉన్నాడని ఆయన ముఖంలో తెలిసింది. నా చెయ్యి నోటి మీద నుంచి తీసి, చాలా సేపు పట్టుకుని కూర్చున్నాడు. తరువాత లేచి, గోనెసంచిలో గిన్నెలు తనే తీసి గూట్లో పెట్టాడు. నెలకోసారి బియ్యం తెస్తాను, నువ్వు బొమ్మలు గీసి అడుగు, ఏది కావాలంటే అది తెస్తాను అన్నాడు. ఖాళీ బండితో వెళ్లాడు.

ఎనభై మూడు, ఆ తరువాత

మాటలు ఎప్పుడు మొదలయ్యాయని డాక్టరుగారు అడిగేవారు. గుడ్డుతో మొదలయ్యాయి. మాస్టారు కంటి ఆపరేషను చేయించుకుని కళ్లద్దాలతో వచ్చి, ఇన్నాళ్లూ నీ బొమ్మలు మంచు పట్టినట్టుంటే అది నా కన్నే అనుకున్నాను, నీ బొమ్మలే అలా ఉన్నాయి అన్నారు. వెలుగూ నీడా నేర్పడానికి కిటికీ దగ్గర పీట మీద కోడిగుడ్డు పెట్టారు. వెలుగు తగిలే చోట కాగితాన్ని తెల్లగా వదలాలి, అక్కడి నుంచి మెల్లగా నలుపు పెంచాలి, అన్నిటికంటే నలుపు అంచు దగ్గర కాదు, అంచుకి కొంచెం ఇవతల. పొద్దుపోయేలోగా అది కూరలోకి కావాలని రత్నం తొందరపెడుతోంది. నేను నీడ దిద్దుతూ, ధ్యాసంతా పెన్సిలు మీద పెట్టి, “గుడ్డు” అన్నాను.

రత్నం చేతిలో గరిటె ఆగిపోయింది. మళ్లీ అనమంది. అనబోతే రాలేదు. ఏడుపొచ్చింది. మాస్టారు అడగొద్దని సైగ చేసి, గియ్యి అన్నారు. గీస్తుంటే మళ్లీ వచ్చింది. వెతికితే దొరకదు, చెయ్యి పనిలో ఉండగా పక్క నుంచి వచ్చి నిలబడుతుంది. ఆ కోడిగుడ్డును ఆ రోజు వండలేదు.

అలా ఒక్కొక్కటీ. చెప్పు గీస్తే చెప్పు, గొడుగు గీస్తే గొడుగు. సుశీల నా బొమ్మల కింద పేర్లు రాసేది, వాటి మీదే మళ్లీ చదువు నేర్చుకున్నాను. ఉప్పు అడగబోయి పప్పు అనేవాణ్ణి, ఇప్పటికీ అప్పుడప్పుడు అంటాను. కండక్టరు పనికి ఇక పనికిరానన్నారు. డిపో స్టోరులో కూర్చుని చేసే పని ఇచ్చారు. నేను అడిగినంత గొంతు నాకు తిరిగి రాలేదు. వచ్చినదానితో ఇల్లు గడుస్తోంది. నెలకోసారి ఇంజెక్షను, ఏడాదికోసారి గుండె పరీక్ష. భయం పూర్తిగా పోదు. చెయ్యి తిమ్మిరెక్కితే చాలు, గ్లాసు అందుకుని పేరు పలికి చూసుకుంటాను.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపుతాను. ఎనభై నాలుగు వేసవి. నేను పనిలో చేరి కొన్నాళ్లైంది. ఒక ఆదివారం నేను పెన్సిళ్లు చెక్కుతుంటే రత్నం వచ్చి ఎదురుగా కూర్చుంది. నాకూ ఒక కాగితం ఇవ్వమంది. ఎందుకన్నాను. ఇమ్మంటే ఇయ్యి అంది. ఆమె బడికి వెళ్లిన మనిషి కాదు, పెన్సిలు పట్టుకోవడం తెలియదు. పిడికిలితో పట్టుకుని, నాలిక పళ్ల మధ్య పెట్టుకుని చాలా సేపు గీసింది. మధ్యలో చూడబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

చివరికి నా ముందుకు తోసింది. కాగితానికి అడ్డంగా పైన వంకరటింకర గీతలు, ఒకదాని కింద ఒకటి. కింద ఒక చిన్న ఆకారం, సున్నా మీద సున్నా, వెనక ఒక జడ. ఆకారం చుట్టూ ఏమీ లేదు.

“ఏటిది?” అన్నాను.

“సముద్రం.”

“ఇది?”

“నాను.” ఆకారం చుట్టూ ఉన్న ఖాళీ మీద వేలు తిప్పింది. “ఒక్కద్దాన్నీ. ఒక్క పూట.”

రెండేళ్లు. మెస్సు, ఆసుపత్రి, నా మాత్రలు, సుశీల, మళ్లీ మెస్సు. విశాఖపట్నంలో ఉండి ఆమె ఆ రెండేళ్లలో సముద్రం చూడలేదని నాకు అప్పుడు తట్టింది. ఆ కోరిక ఆమె ఎవరికీ చెప్పలేదు. జబ్బుమనిషి ఉన్న ఇంట్లో అలాంటి మాట ఎలా పైకి అంటుంది? నా నోరు ఎంతగా మూసుకుపోయిందో ఆమె నోరూ అంతే మూసుకుపోయి ఉంది.

ఆ సాయంత్రమే వెళ్లమన్నాను. సుశీల తోడు వెళ్తానంటే వద్దన్నాను. ఇంట్లో మేమిద్దరం వంట మొదలుపెట్టాం. నేను ఎడమచేత్తో వంకాయలు కోశాను, సుశీల పొయ్యి చూసుకుంది. బస్సు స్టాపుకి వెళ్లే వరకు రత్నం రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. మూడోసారి తిరగలేదు.

దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చింది. చీర మోకాళ్ల దాకా తడిసింది. జుట్టంతా గాలికి చెదిరిపోయి, కళ్లు ఎర్రగా ఉన్నాయి, కానీ ముఖం కడిగినట్టు తేటగా ఉంది. కాళ్లకు ఇసుక అలాగే ఉంచుకుని వచ్చి కూర్చుంది. నేను కంచం పెట్టి అన్నం వడ్డించాను. కూరలో ఉప్పు ఎక్కువైంది. అయినా మొత్తం తినేసింది.

అక్కడ కూర్చుని ఏం చేశావని అడగాలనిపించింది. అడిగేంత మాట ఆ రోజు నాకు ఉంది. అడగలేదు.